బీరువా సర్దడం ఎలా? గోదావరి చెమ్మలో బట్టలు పాడవకుండా, వెతుక్కోకుండా

"సర్దిన పది రోజులకే బీరువా మళ్ళీ కలగాపులగం అవుతోంది, ఏం చేయాలి?" "వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర తీస్తే మడత మీద తెల్లటి మచ్చలున్నాయి, ఎందుకు?" డెల్టా ఊళ్ళవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఈ రెండూ. చూడటానికి వేర్వేరుగా ఉన్నా రెండింటికీ కారణం ఒకటే: బీరువాలో గాలి ఆడే చోటు లేదు. కుక్కిన అరలో బట్ట దొరకదు. బూజు పట్టేదీ ఆ కుక్కిన అరలోనే.

అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, భీమవరం, ఏ ఊరు తీసుకున్నా చుట్టూ కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరితోటలే. నైరుతి వానలు తగ్గీ తగ్గకముందే తుఫాను వానలు మొదలవుతాయి. జూన్ నుంచి నవంబరు దాకా గాలి పొడిగా ఉండే రోజులు బహు తక్కువ. హైదరాబాదులో చక్కగా నడిచే సర్దుబాటు ఇక్కడ రెండో నెలకే ముక్కిపోయిన వాసన కొట్టడం అందుకే. కాబట్టి మన వరస వేరు: ముందు ఆరబెట్టడం, తరవాత ఖాళీ వదలడం, ఆఖరున మడత.

ఎప్పుడు పెట్టుకోవాలి

ఏడాదికి రెండుసార్లు చాలు. ఒకటి సంక్రాంతి దాటాక మాఘమాసంలో. రెండోది రోహిణి కార్తెలో, అంటే మే చివరి వారంలో, మృగశిర చినుకు పడకముందు. ఉదయం పదింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోగా బయట ఆరేసిన బట్టలు మళ్ళీ ఇంట్లోకి చేరేలా చూసుకోండి. మాఘంలో పొద్దున్నే మంచు ఉంటుంది, తొందరపడి బయట వేయకండి. ముసురు పట్టిన రోజున మాత్రం ఈ పని అసలు ముట్టుకోకండి. అరగంటలో బట్టలు గాలిలోని చెమ్మంతా పీల్చుకుంటాయి, ఆ చెమ్మనే మీరు లోపల పెట్టి తాళం వేస్తారు.

కావలసినవి

- కొలత టేపు, కాగితం, పెన్ను
- తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు (దుకాణంలో హైగ్రోమీటర్ అని అడగండి)
- పాత నూలు పంచెలు లేదా ఉతికిన కోరా గుడ్డ, పట్టుచీర ఒక్కింటికి మీటరు ముక్క చొప్పున
- అడుగు చదరం ప్లాస్టిక్ షీటు, అంటించే టేపు
- తుడవడానికి నాలుగు మెత్తటి నూలు గుడ్డలు, కాస్త సబ్బునీళ్ళు
- చెక్క హ్యాంగర్లు లేదా మందపాటి ప్లాస్టిక్ హ్యాంగర్లు
- పెద్ద సంచులు మూడు
- నీడలో ఎండబెట్టిన వేపాకు లేదా వట్టివేరు, పోసి కట్టడానికి చిన్న గుడ్డ సంచులు

ఇద్దరు మనుషుల బట్టలున్న ఒక బీరువాకి ఐదారు గంటలు పడుతుంది. ఇద్దరు కలిసి చేస్తే నయం. పట్టుచీరలు ఒక్కరే మడవడం కష్టం.

1. ముందురోజు రాత్రి: మీటరును పరీక్షించండి

చవక మీటర్లు ఐదారు అంకెలు తేడా చూపించడం మామూలే. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటట్టు నాలుగు చుక్కల నీళ్ళు కలపండి. ఉప్పు కరిగిపోయేంత పోయొద్దు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని డబ్బాలో పక్కపక్కన పెట్టి మూసేయండి. ఉప్పు మీటరుకు తగలకూడదు. ఎనిమిది గంటల తరవాత మీటరు 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటరు ఐదు తక్కువ చెబుతోందని దాని వెనక రాసి అంటించండి. ఇకమీదట చూసిన ప్రతి అంకెకూ ఐదు కలుపుకోవాలి.

2. గోడను పరీక్షించండి

అదే రాత్రి ప్లాస్టిక్ షీటును బీరువా వెనక గోడకు, నేలకు రెండడుగుల ఎత్తులో నాలుగువైపులా టేపు వేసి అంటించండి. గోడ అలమర అయితే లోపలి వెనక గోడకే అంటించండి. ఒకటి రెండు రోజులయ్యాక చూడండి. షీటుకు గోడవైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోంచి వస్తోందన్నమాట. నేల నుంచి పైకి పాకేదో, బయటి పగుళ్ళలోంచి దిగేదో, పక్కనున్న స్నానాల గది పైపుదో అయి ఉంటుంది. చుక్కలు గదివైపు ఉంటే గాలిలో తేమ ఎక్కువ. మొదటి రకమైతే ఎంత సర్దినా లాభం లేదు. మేస్త్రీని పిలిచి గోడ సంగతి చూడాలి. ఈలోగా బట్టలు ఇంకో గదిలోకి మార్చండి.

3. మొత్తం ఖాళీ చేయండి

ఈ అర ఈ వారం, ఆ అర వచ్చే వారం అనుకుంటే పని ఎప్పటికీ తేలదు. ఒక అరలో పురుగుంటే సర్దిన అరలోకి కూడా పాకుతుంది. ముందుగా లాకరులోని నగలు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు కాగితాలు తీసి వేరే గదిలో తాళం వేసి పెట్టండి. బట్టల గోలలో ఉంగరాలు, చెవిదిద్దులు పాత గుడ్డలతో పాటు బయటికి పోతుంటాయి. తరవాత మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, అన్నీ దాని మీదికి తేండి. ప్రతి జేబూ తడిమి చూడండి. చీరకూ జాకెట్టుకూ కలిపి గుచ్చిన పిన్నీసులన్నీ తీసేయండి. మన గాలికి పిన్నీసు ఒక్క వానాకాలంలో తుప్పు పడుతుంది, ఆ మరక బట్టను వదలదు.

4. బీరువాను తుడవండి

ముందు పొడిగుడ్డ, తరవాత సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ, ఆ తరవాత మళ్ళీ పొడిగుడ్డ. అరలు బోల్టులతో బిగించినవైతే విప్పి తీయండి. బొద్దింక గుడ్లు, బల్లి గుడ్లు, వెండిరంగులో జరజర పాకే సన్న పురుగులు అన్నీ ఆ సందుల్లోనే ఉంటాయి. తుడిచాక ఫ్యాను కింద తలుపులు తెరిచి రెండు గంటలు వదిలేయండి. పైకి ఆరినట్టు కనిపించినా మూలల్లో తడి ఉంటుంది.

తుప్పు పట్టిన చోట గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన రంగు ఒక పూత వేయండి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఇది ఏటా ఉండే పనే. ఉప్పుగాలికి అడుగు రేకు ముందు పోతుంది. రంగు వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం మూడు నాలుగు రోజులు, బట్టలు పెట్టకండి.

అరల్లో న్యూస్‌పేపరు పరవడం మానేయండి. చెమ్మకు దాని సిరా తెల్లబట్టలకు అంటుకుంటుంది. పైగా వెండి పురుగుకు కాగితం తిండి. ఉతికి ఆరేసిన పాత తెల్ల పంచె ముక్కలు పరిస్తే, నెలకోసారి తీసి మళ్ళీ ఉతుక్కోవచ్చు.

5. నిలబెట్టే చోటు సరిచేయండి

బీరువా వీపు గోడకు ఆనకూడదు. నాలుగు అంగుళాలు వదలాలి, పక్క గోడకు రెండు మూడు అంగుళాలైనా. నేలకు కనీసం ఆరు అంగుళాల ఎత్తు ఇనుప స్టాండు ఉండాలి, దాని కాళ్ళకు రబ్బరు తొడుగులుండాలి. స్టాండు లేకపోతే నాలుగు మూలలా ఇటుకలు పేర్చి, ఇటుకకూ రేకుకూ మధ్య మందపాటి ప్లాస్టిక్ ముక్క వేయండి. లేకపోతే ఇటుక పీల్చిన నీరు రేకును తినేస్తుంది.

చాలా ఇళ్ళలో బీరువా నైరుతి మూల గదిలో ఉంటుంది. ఆ మూలకు రెండూ బయటి గోడలే. వానాకాలంలో నైరుతి నుంచి కొట్టే జల్లు నేరుగా వాటికే తగులుతుంది. వాస్తు ప్రకారం అక్కడే ఉంచాలనుకుంటే ఉంచండి, కానీ ఆ నాలుగు అంగుళాల సందు మాత్రం తప్పనిసరి. బయటి గోడకు వాన ఆగే రంగు వేయించి, కిటికీ పైన సన్‌షేడు పగుళ్ళు పూడ్పించండి. బీరువా దిక్కు మారదు, బట్టలు బతుకుతాయి.

లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. జూలై నుంచి సెప్టెంబరు దాకా అడుగు అర పూర్తిగా ఖాళీగా ఉంచండి. వరద హెచ్చరిక వచ్చాక సర్దడానికి టైము ఉండదు. సర్టిఫికెట్లు, పాసుపుస్తకాలు జిప్పు కవరులో వేసి పై అరలో ఒకేచోట ఉంటే, ఒక్క చేత్తో తీసుకుని పోవచ్చు.

6. వేరు చేయండి

నాలుగు కుప్పలు చాలు: వారం వారం వాడేవి, పండగలకూ పెళ్ళిళ్ళకూ కట్టేవి, బాగు చేయాల్సినవి (గుండీ, ఫాల్, చిరుగు), వదిలించుకునేవి. అంతకంటే ఎక్కువ కుప్పలు పెడితే సాయంత్రానికి అన్నీ కలిసిపోతాయి.

దేన్ని వదలాలో తేలక ఇబ్బంది పడేవాళ్ళు ఈ లెక్క చూడండి. పోయిన సంక్రాంతి నుంచి ఈ సంక్రాంతి దాకా ఒక్కసారీ వేసుకోని మామూలు బట్ట, వచ్చే ఏడూ వేసుకోరు. పెళ్ళిపట్టు, అమ్మమ్మ చీర లాంటివి మాత్రం ఈ లెక్కలో కలపకండి. అవి వాడకం కోసం దాచేవి కాదు. వాటికి విడిగా చోటివ్వాలి, అంతే.

వదిలించుకునే వాటిలో మెత్తబడిన నూలు చీరలుంటే బొంత కుట్టించుకోవచ్చు, పంచెలు బట్టలు చుట్టడానికి పనికొస్తాయి. గట్టిగా ఉన్నవి ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వండి. ఇచ్చేది కట్టుకునేలా ఉండాలి. పాలియెస్టరు చీరలు, నైలాన్ బట్టలు భోగిమంటలో వేయకండి, ఆ పొగ పిల్లలకు మంచిది కాదు. జరీ చీరను మంటలో పడేసే ముందు, స్టీలు సామాన్లవాళ్ళకు ఇచ్చేసే ముందు, జరీ కొనేవాళ్ళకు ఒకసారి చూపించండి. అసలు వెండి జరీకి ధర పలుకుతుంది.

ఈ కుప్పలన్నీ ఆ సాయంత్రానికే ఇంటి గుమ్మం దగ్గరికి చేరాలి. మంచం కిందికి వెళ్ళిన సంచి మళ్ళీ బీరువాలోకే వస్తుంది.

7. కొలిచి, అరలు పంచండి

మన ఇళ్ళలో మామూలుగా ఉండే ఇనుప బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. లోపల వెడల్పు సుమారు 34 అంగుళాలు దొరుకుతుంది. చీరను 11 అంగుళాల వెడల్పుకు మడిస్తే ఒక అరలో మూడు దొంతరలు పడతాయి. అర ఎత్తు 12 అంగుళాలైతే దొంతరకు ఆరు నూలు చీరలే పెట్టాలి. పైన పిడికిలి దూరేంత ఖాళీ ఉండాలి, వెనక రేకుకూ బట్టకూ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. అంటే అరకు 18 చీరలు. మీ దగ్గర 60 ఉంటే మూడు అరలు దాటిపోతాయి. ఈ లెక్క ముందే వేసుకుంటే, దేన్ని ట్రంకు పెట్టెలోకి పంపాలో, దేన్ని ఎవరికివ్వాలో సర్దకముందే తేలుతుంది. సర్దాక తేలితే కుక్కడం మొదలవుతుంది.

ఏ అరలో ఏది:

- అన్నిటికంటే పైన: రగ్గులు, శాలువాలు, స్వెటర్లు, ఏడాదికోసారి తీసేవి.
- దాని కింద, కంటికి కాస్త పైన: పట్టు, జరీ. నేల చెమ్మకు దూరం, పిల్లల చేతికీ దూరం.
- కంటి నుంచి నడుము దాకా: రోజూ కట్టే చీరలు, చుడీదార్లు, చొక్కాలు, ప్యాంట్లు.
- నడుము కింద: లంగాలు, నైటీలు, లుంగీలు, బనీన్లు, పిల్లల యూనిఫాంలు. పిల్లలు తామే తీసుకునేలా.
- అడుగున: దుప్పట్లు, తువ్వాళ్ళు. తడిసినా ఉతుక్కుంటే సరిపోయేవే ఇక్కడ.

హ్యాంగర్ల విషయంలో చాలామంది మోసపోతారు. హ్యాంగరు వెడల్పు 17 అంగుళాల దాకా ఉంటుంది, చొక్కా తగిలించాక ఇంకా పెరుగుతుంది. ఇబ్బంది లేకుండా వేలాడాలంటే లోపలి లోతు 22 నుంచి 24 అంగుళాలు కావాలి. ఇనుప బీరువాలో అంత లేదు. తలుపు వేస్తే చొక్కా చేతులు నలిగిపోతాయి. అందుకని బీరువాలో కడ్డీ ఉన్నా పెద్దల చొక్కాలు మడిచి పెట్టడమే మేలు. కడ్డీకి సగానికి మడిచిన ప్యాంట్లు, పిల్లల గౌన్లు తగిలించండి. 24 అంగుళాల లోతున్న చెక్క అలమర ఉంటే చొక్కాలకు 40 అంగుళాల ఎత్తు, పొడుగు కుర్తీలకు 48, హ్యాంగరు మీద మడిచిన చీరలకు 30 వదలండి. కడ్డీ మూడడుగులు దాటితే మధ్యలో ఆధారం కావాలి. సన్న ఇనుప తీగ హ్యాంగర్లు వద్దు, తుప్పు మరక భుజం మీద పడుతుంది.

ఇంకొక చోటు తప్పకుండా ఉండాలి, అది బీరువా బయట: ఒకసారి వేసుకుని ఇంకోసారి వేసుకోబోయే బట్టలకు. తలుపు వెనక నాలుగు కొక్కేలో, ఫ్యాను గాలి తగిలే చోట చిన్న దండెమో చాలు. ఈ చోటు లేని ఇళ్ళలో ఆ బట్టలు కుర్చీ మీదికి, అక్కణ్ణుంచి చెమటతోనే బీరువాలోకి పోతాయి. సర్దిన పది రోజులకే చెదిరిపోవడానికి మొదటి కారణం ఇదే.

8. పెట్టే ముందు: ఆరిందా?

కిలో నూలు బట్ట మామూలు గాలిలోనే 70, 80 గ్రాముల నీరు పట్టుకుని ఉంటుంది. ముసురు రోజుల్లో అది 100 గ్రాములు దాటుతుంది. బీరువాలో 20 కిలోల బట్టలుంటే అరకిలో దాకా అదనపు నీరు మీరే లోపల పెట్టినట్టు. చేతికి మాత్రం పొడిగానే తగులుతుంది.

అందుకే చేత్తో కాదు, చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. చూడాల్సిన చోట్లు కుట్ల అంచులు, ప్యాంటు నడుము పట్టీ, జేబు లోపల, చీర ఫాల్, తువ్వాలు అంచు. వానాకాలంలో దండెం మీంచి తీసిన బట్టల్ని ఫ్యాను కింద మరో ఆరు గంటలు ఉంచండి.

ఇస్త్రీ చేసిన బట్టలో ఆవిరి ఉంటుంది. వేడిమీదే దొంతర పెడితే అది బయటికి పోయే దారి లేదు. గంట సేపు విడివిడిగా పరిచి చల్లారనివ్వండి. ఇస్త్రీ బండి నుంచి మూట వస్తే ముందు మూట విప్పండి.

గంజి సంగతి మరీ ముఖ్యం. గంజి పెట్టిన చీరలు, పంచెలు వారంలోపు కట్టేవైతే సరే. నెలల తరబడి దాచేవైతే గంజి పూర్తిగా పోయేలా ఉతికి, మెత్తగా ఉన్నప్పుడే పెట్టండి. గంజి అంటే అన్నమే, బూజుకూ పురుగుకూ భోజనం. బండారులంక నేత చీర ఎంత మంచిదైనా గంజితో వానాకాలం దాటించలేరు. కట్టే ముందురోజు గంజి పెట్టుకోండి.

9. మడత

టీషర్టులు, తువ్వాళ్ళు, లంగాలు, పిల్లల బట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చకండి. చిన్న కట్ట చేసి, పుస్తకాలు నిలబెట్టినట్టు అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ బుట్టలోనో నిలువుగా పెట్టండి. కన్నాలున్న బుట్టయితే గాలి ఆడుతుంది. ఒకటి తీస్తే మిగతావి కదలవు. మడత సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే, కట్టను మంచం మీద నిలబెట్టండి. పడిపోతే మడత వదులుగా ఉందని అర్థం, ఇంకోసారి సగానికి మడవండి.

చీర, జాకెట్టు, లంగా ఒకే కట్టగా పెట్టుకునేవాళ్ళు జాకెట్టును చీర చివరి మడత లోపల ఉంచండి. జాకెట్టు హుక్కులు జరీకి పట్టుకోకుండా చిన్న గుడ్డ అడ్డం వేయండి. చొక్కాలు కాలరు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిప్పి పెడితే దొంతర ఒరగదు.

10. పట్టు, జరీ

కట్టి విప్పిన పట్టుచీరను ఆ రాత్రే బీరువాలో పెట్టకండి. నీడలో, ఫ్యాను గాలికి, దండెం మీద పాత దుప్పటి వేసి దాని మీద ఒక రాత్రంతా ఆరనివ్వండి. పసుపు, కుంకుమ, ప్రసాదం, నూనె మరకలు వెలుతుర్లో వెతికి అప్పుడే తీయించండి. ఆర్నెల్ల తరవాత చూస్తే మరక పాతబడి పోదు. సెంటు జరీ మీద పడితే నల్లబడుతుంది. చీర కట్టుకోకముందే ఒంటికి రాసుకోవాలి.

పెట్టేటప్పుడు ఒక్కో చీరను ఒక్కో కోరా గుడ్డలో వదులుగా చుట్టండి. దుకాణం ప్లాస్టిక్ కవరు, జిప్పు కవరు వద్దు. లోపలి చెమ్మ బయటికి పోక అక్కడే మచ్చవుతుంది. రబ్బరు బ్యాండు అసలు వేయకండి, రబ్బరులోని గంధకం జరీని నల్లబరుస్తుంది. పట్టుచీరలు దొంతరకు నాలుగే. బరువైన జరీవి అడుగున.

మూణ్ణెల్లకోసారి మడత మార్చాలి. ఒకే గీత మీద ఏళ్ళ తరబడి ఉంటే దారం అక్కడే తెగుతుంది. మడత పడే చోట మెత్తటి గుడ్డ చుట్ట పెడితే గీత పడదు. ఉప్పాడ జమదానీ లాంటి పలచని నేతకు, టిష్యూ చీరలకు మడత కన్నా చుట్టడం మంచిది. గట్టి అట్ట గొట్టానికి కోరా గుడ్డ చుట్టి దాని మీద చీర చుట్టండి. పట్టును ఎర్రటి ఎండలో వేయకండి, రంగు వెలిసిపోతుంది. నరసాపురం లేసు అల్లికలుంటే హ్యాంగరుకు తగిలించొద్దు, సాగిపోతాయి. పరిచి పెట్టాలి.

11. పురుగుకు ఏం పెట్టాలి

కలరా ఉండలు వాడేవాళ్ళు గుడ్డలో కట్టి, బట్టలకు తగలకుండా అర మూలలో పెట్టండి. జరీ ఉన్న అరలో వద్దు. రెండు రకాల ఉండలు కలపకండి. రెండూ కలిస్తే కరిగి మరకలు పడతాయి.

పురుటి కోసం దాచే పాత మెత్తని చీరలు, పంచెలు ఉంటాయి కదా, వాటి దగ్గర కలరా ఉండలు ఎప్పుడూ పెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన శిశువులకు ఆ ఆవిరి వల్ల రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చు. పుట్టిన బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పైకి తెలియదు. పొత్తిగుడ్డలు, పసిపిల్లల బట్టలు వేరే డబ్బాలో ఉండాలి. కలరా ఉండల వాసనున్న గుడ్డ బిడ్డకు వాడకండి.

వేపాకు వాడితే చేత్తో నలిపితే పొడి అయ్యేంత ఎండాలి. పచ్చి ఆకు పెడితే మీరే చెమ్మ పెట్టినట్టు, పైగా ఆకుపచ్చ మరక. రెండు మూడు నెలలకోసారి మార్చాలి. వట్టివేరు వాసనకు బాగుంటుంది. కానీ ఆకూ వేరూ పురుగును కాస్త దూరం పెడతాయే తప్ప ఉన్న పురుగును చంపవు. అరను తుడవడం, మురికి బట్ట లోపల పెట్టకపోవడం, ఈ రెండే గట్టి మందు.

చెక్క అలమరలో సన్నని మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. బట్టలు తీసేసి మందు కొట్టేవాళ్ళను పిలవండి. కిరసనాయిలు పూస్తే పైన ఉన్నవి పోతాయి, పుట్ట పోదు.

12. చెమ్మ పీల్చేవి: ఏది పని చేస్తుంది

చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు బీరువాలో పడేస్తే చాలనుకుంటారు. 100 గ్రాముల సిలికా పట్టుకునేది 25, 30 గ్రాముల నీరే. బట్టల్లో అరకిలో ఉన్నప్పుడు అది ఏ మూలకు? ఆరిన బట్టలున్న చిన్న ట్రంకు పెట్టెలోనో, మూత బిగువుగా పట్టే డబ్బాలోనో అయితే పనికొస్తుంది. నారింజ రంగుది కొనండి, తడి పట్టాక ఆకుపచ్చగా మారుతుంది. వంటకు వాడని మూకుట్లో సన్నని సెగ మీద కలుపుతూ వేడి చేస్తే రంగు తిరిగొస్తుంది.

చెమ్మను లాగి డబ్బా అడుగున నీళ్ళుగా దింపే పొడి (క్యాల్షియం క్లోరైడ్) ఉన్న డబ్బాలు బాగానే లాగుతాయి. ఐతే ఒలికితే బట్టా పోతుంది, రేకూ తుప్పు పడుతుంది. అడుగు అరలో ట్రేలో పెట్టి వారానికోసారి చూడగలిగితేనే వాడండి. గిన్నెలో రాళ్ళ ఉప్పు పెట్టడం వద్దు. తేమ 75 శాతం దాటాక అది తానే నీరై కారుతుంది. బొగ్గు వాసన లాగుతుంది, చెమ్మను పెద్దగా లాగదు.

ఏసీ ఉన్న గదైతే ఇంకేమీ అక్కర్లేదు. వారానికి రెండుసార్లు, ఏసీ డ్రై మోడ్‌లో నడుస్తున్నప్పుడు గది తలుపులు మూసి, బీరువా తలుపులు తెరిచి రెండు గంటలు ఉంచండి. ఏసీ లేనివాళ్ళు మీటరు చూసి తెరవండి: గదిలో 65 కంటే తక్కువుంటే తెరవాలి, ఎక్కువుంటే మూసి ఉంచాలి. గాలి తగలాలని ముసురులో తలుపులు బార్లా తీసి పెట్టడం చాలా ఇళ్ళలో జరిగే తప్పు. ఆ గాలి చెమ్మను తీసుకుపోదు, తెచ్చి పెడుతుంది.

కొత్తగా చెక్క అలమర చేయించేవాళ్ళకు

వడ్రంగితో మాట్లాడేటప్పుడు ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 710 అయితే నీటికి బాగా ఆగేది. ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి ఆగే) రకం పరవాలేదు, ఎంఆర్ (కాస్త తేమకు మాత్రమే ఆగే) రకం మన నేలకు వద్దు. పార్టికల్ బోర్డు అడుగున ఉబ్బిపోతుంది. లోపలి వైపూ సన్‌మైకా వేయించండి, నేలకు నాలుగు అంగుళాల పీఠం పెట్టించండి, వెనక పలకకూ గోడకూ సందు వదిలించండి. తలుపుకు పైనా కిందా గాలి కన్నాలు కావాలి, వాటికి సన్న జాలీ ఉండాలి.

సరిగ్గా సర్దామా: ఎలా తెలుస్తుంది

ఆరోజే ఒక పరీక్ష. ఇంట్లో ఇంకొకర్ని పిలిచి ఏదో ఒక బట్ట పేరు చెప్పి తీయమనండి. పదిహేను సెకన్లలోపు, ఇంకో బట్ట కదపకుండా తీయగలిగితే అరల పంపకం కుదిరింది. తీయలేకపోతే తప్పు వాళ్ళది కాదు, ఆ బట్ట పెట్టిన చోటుది.

వారం తరవాత మీటరును పట్టుచీరల అరలో పెట్టి ఒక రాత్రి తలుపు వేసి ఉంచండి. పొద్దున 65 లోపుంటే నిశ్చింత. 65 నుంచి 70 మధ్య ఉంటే నెలకోసారి బట్టలు తిరగేయాలి. 70 దాటితే దొంతరలు తగ్గించండి, గోడ సందు మళ్ళీ కొలవండి, ఏ బట్ట తడిగా పోయిందో వెతకండి. అన్ని అరల్లోనూ ఒకసారి చూస్తే చాలాసార్లు ఒక్క అడుగు అరే ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు స్టాండు ఎత్తు చాలలేదని తెలుస్తుంది.

శ్రావణం మధ్యలో తలుపు తీసిన క్షణంలోనే ముక్కు పెట్టి చూడండి. ముక్కిపోయిన వాసన మచ్చ కంటే ముందు వస్తుంది.

అప్పటికే బూజు పట్టి ఉంటే

ఆ బట్టను మెల్లగా, దులపకుండా, కవరులో పెట్టి బయటికి తీసుకెళ్ళండి. ఇంట్లో దులిపితే ఆ పొడి మిగతా బట్టల మీదే పడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముందు ఆరబెట్టి, తరవాత మెత్తటి బ్రష్‌తో దులపండి. తడి మీద రుద్దితే లోపలికి దిగుతుంది. తెల్ల నూలుకు బ్లీచింగు నీళ్ళు పలచగా వాడొచ్చు. రంగు నూలును సబ్బుతో ఉతికి గట్టి ఎండలో వేయండి. పట్టుకూ ఉన్నికీ బ్లీచింగు చుక్క కూడా తగలకూడదు, దారమే కరిగిపోతుంది. వాటిని మరక చూపించి డ్రైక్లీనింగుకు ఇవ్వండి. ఆ అరలో ఉన్న మిగతా బట్టలన్నీ, మచ్చ లేకపోయినా, తీసి ఉతికో ఎండకు వేసో, అరను సబ్బుగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి.